సోఫాకు అటొకటి, ఇటొకటి

మా ముందు గదిలో సోఫాకు ఎడమ పక్కన ఉండే టేకు బల్లను పురపాలక సంఘం వారు మే నెల పద్నాలుగో తారీఖు, బుధవారం, ఉదయం పదకొండు గంటలకు తీసుకెళ్ళారు. కారణం, దానికి వయసు చాలలేదు. ఆ బల్ల వయసు ముప్ఫై నాలుగేళ్ళు. పురపాలక సంఘం లెక్కలో తొంభై రోజులు. ఈ రెండు లెక్కల్లో తప్పు ఏ మెట్టులో జరిగిందో చెప్పమంటే, ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్న నేను చెప్పలేను. ప్రతి మెట్టూ సరిగానే ఉంది.

అది నా భార్య వనజాక్షి బల్ల. వాళ్ళ ఇంటి గుమ్మాలకు కోయించిన టేకులో ముక్క మిగిలితే వాళ్ళ నాన్నగారు చేయించారు. మోకాలంత ఎత్తు, పైన చదరపు పలక, కింద పత్రికలు పెట్టుకోవడానికి ఒక అర. వనజాక్షి సోఫాలో ఎడమ కొసన కూర్చునేది. కాఫీ గ్లాసు, కళ్ళజోడు, పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు, దాన్ని నింపే పెన్సిలు ఆ బల్ల మీద ఉండేవి. పలక మీద గ్లాసు అడుగు ముద్రలు ఒకదాని మీదకొకటి జరిగి, సమితుల పాఠంలో పిల్లలు గీసే వలయాల్లా ఉంటాయి. ఈ ఫిబ్రవరి మొదటి వారంలో వనజాక్షి పోయింది. బల్ల ఉన్నచోటే ఉండాలని నేను కోరుకున్నాను. నా వైపు నుంచి ఈ కథలో ఉన్నది ఆ ఒక్క కోరికే. తక్కినదంతా పురపాలక సంఘం వారిది.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మా పురపాలక సంఘం అధ్యక్షులు కిందటేడు పట్టణ సుందరీకరణ అధ్యయనానికి ఒక పెద్ద నగరం వెళ్ళి, అక్కడొక హోటల్లో ఎవరి కోసమో ఎదురుచూస్తూ రెండు గంటలు సోఫాలో కూర్చున్నారు. సోఫాకు ఒక పక్క నగిషీలు చెక్కిన పాతకాలపు బల్ల, మరో పక్క గాజు పలక, ఇనుప కాళ్ళు ఉన్న కొత్త రకం బల్ల. రెండు గంటలు ఒకేచోట కూర్చున్న మనిషికి ఏదో ఒకటి తోచక మానదు. తిరిగి వచ్చాక ఆయన కౌన్సిలు సమావేశంలో, "గతానికీ భవిష్యత్తుకీ నడుమ పౌరుడు సుఖాసీనుడై ఉండాలి" అన్నారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళు మర్నాడు వెళ్ళి దాని అర్థం అడగలేరు కనుక అది పథకమైంది.

దాని పేరు అంతర్గృహ సమతుల్యతా పథకం. ప్రతి ఇంటి ముందు గదిలో సోఫాకు ఒక పక్క ప్రాచీన బల్ల, రెండో పక్క ఆధునిక బల్ల విధిగా ఉండాలి. లేని ఇంటిని అసమతుల్య గృహంగా ప్రకటించి, గేటుకు ఎర్ర బోర్డు కట్టి, కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు ఇస్తారు. సోఫా లేని వాళ్ళ సంగతేమిటని ఒక సభ్యురాలు అడిగింది. వారు సోఫా ఉన్నట్లు భావించి, ఆ భావనకు చెరో పక్క బల్లలు వేసుకోవచ్చునని అధికారులు వివరణ ఇచ్చారు.

తనిఖీ అధికారి బాపిరాజు గారు మా ఇంటికి ఫిబ్రవరి పదమూడున వచ్చారు. పెద్దకర్మ అయిన మర్నాడు. షామియానా ఇంకా విప్పలేదు. పక్కింటి మంగతాయారు గారు వరండాలో కూర్చుని అద్దె గిన్నెలు తుడిపిస్తున్నారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. అవతలి వాళ్ళు మాట పూర్తి చేసేలోగా లైను కలిపేయడం ఆవిడకు అలవాటు.

బాపిరాజు గారు గుమ్మంలో తల వంచుకుని ఒక నిమిషం నిలబడ్డారు. తర్వాత జేబులోంచి టేపు తీశారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. వారం ఆగుదామంటే, మీ వీధికి గడువు ఇయ్యాళేనండి."

"చూసుకోండి" అన్నాను.

ఆయన ఎడమ పక్క బల్ల ముందు గొంతుక్కూర్చుని పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకున్నారు. "ఎవరిదండి ఇది?"

"వనజాక్షిది."

ఆ పేరు రాసుకున్నారు. "ప్రాచీనమాండి, ఆధునికమా?"

"పాతదండి. ముప్ఫై నాలుగేళ్ళు."

"కాయితం ఏమన్నా ఉందాండి?"

"బల్లకు కాగితం ఏముంటుంది? చూస్తే తెలుస్తోంది కదా."

"తెలుస్తోందండి. ఆయ్, నాకూ తెలుస్తోంది. కానండి, చూస్తే తెలిసేది రాసుకోడానికి ఫారంలో గడి లేదండి." ఆయన సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి వేలు పెట్టి చదివారు. "'జనన ఆధారము లేని వస్తువు తనిఖీ దినముననే జన్మించినట్లు భావించవలెను.' అంటే మరి, ఇయ్యాళే పుట్టిందండి."

వరండాలోంచి మంగతాయారు గారు, "ఆడో మగో కూడా రాసుకోండి, బాపిరాజు గారూ" అన్నారు.

"ఆ గడి మొదట్లో ఉండేదండి. కౌన్సిల్లో గొడవైందని తీసేశారు."

అలా మా ముందు గదిలో ఒక ఆధునిక బల్ల పుట్టింది. ఇక ప్రాచీన బల్ల కావాలి. సోఫాకు కుడి పక్కన సెల్‌ఫోను చార్జింగుకు పెట్టే ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఉంది. కొన్న ప్రతిదాని బిల్లూ దాచడం నాకు అలవాటు. వెతికితే స్టూలు బిల్లు దొరికింది. రెండేళ్ళ మూడు నెలల కిందటిది.

బాపిరాజు గారి ముఖం వికసించింది. "ఏడాది దాటి ఆధారం ఉంటే ప్రాచీనమేనండి. మీరు అదృష్టవంతులు మాస్టారూ. ఈ వీధిలో ఇదే మొదటిది." ఆయన స్టూలును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు.

రెండింటికీ అల్యూమినియం రేకులు కొట్టారు. స్టూలు మీద ఏదీ పెట్టరాదు, ఎవరూ కూర్చోరాదు, చుట్టూ తాడు కట్టాలి. టేకు బల్ల ఆధునికం కనుక రోజూ వాడుకలో ఉండాలి. ఆ షరతు వల్ల నాకు కొత్తగా వచ్చిన కష్టం లేదు. కళ్ళజోడు, పెన్సిలు దాని మీదే ఉన్నాయి.

"ఇది ఎన్నాళ్ళు ఆధునికం?" అని అడిగాను.

"తొంభై రోజులండి."

"ఆ తర్వాత ప్రాచీనమా?"

"ఏడాది నిండాలి కదండి."

"మరి తొంభై ఒకటో రోజు నుంచి ఏడాది దాకా?"

ఆయన టేపు మొత్తం చుట్టి జేబులో పెట్టుకున్నారు. "పైకి రాస్తానండి" అన్నారు.

నేను అడగకుండా ఉండవలసింది. క్లాసులో పిల్లవాడు అలాంటి ప్రశ్న వేస్తే నేను మెచ్చుకుంటాను. పురపాలక సంఘం నన్ను అంతకన్నా ఎక్కువగా మెచ్చుకుంది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తొంభై రోజులు దాటి ఏడాది నిండని బల్లలను సందిగ్ధ వయస్కములుగా గుర్తించారు. ఇవి గతానికీ చెందవు, భవిష్యత్తుకీ చెందవు. ఇలాంటివి పౌరుడి పక్కన ఉంటే అతడు ఏ కాలంలో కూర్చున్నాడో అతడికే తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి వాటిని కాలువ గట్టున ఉన్న పురపాలక కల్యాణ మండపంలో, అధికారుల పర్యవేక్షణలో, ఏడాది నిండేవరకు ఉంచాలి. మండపానికి వయోపరిపక్వ కేంద్రమని పేరు మార్చారు. ఉత్తర్వు చివర, విలువైన సందేహం లేవనెత్తినందుకు నాకు అభినందనలు తెలిపారు.

మంగతాయారు గారింట్లో వాళ్ళ అత్తగారి నాటి గుండ్రటి బల్ల ఉంది. కాళ్ళు సింహం పంజాలు. అది కూడా ఫిబ్రవరి పదమూడునే పుట్టింది.

"మా అత్తగారు ఆ బల్ల మీద చెయ్యి వేసి నన్ను నలభై ఏళ్ళు తిట్టింది మాస్టారూ. ఇప్పుడది నా మనవరాలికన్నా చిన్నదట. పాలు పట్టమంటారేమో" అన్నారావిడ.

ఇలాంటి గోడు ఊరంతా ఉండడంతో మార్చిలో నిబంధన సవరించారు. జాతక చక్రం ఉంటే జనన ఆధారంగా తీసుకుంటారు. మెయిన్ రోడ్డు సిద్ధాంతి గారింటి ముందు రిక్షాల మీద, స్కూటర్ల మీద, నెత్తిన బల్లలు వరసకట్టాయి. మంగతాయారు గారు పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి పసుపు రాసిన కాగితంతో వచ్చారు.

"మఖా నక్షత్రం, సింహరాశి. పంజాలున్నాయి కదా, అతికినట్టు సరిపోయిందన్నారు. మీరూ వనజ బల్లకి రాయించుకోండి."

"పలక బిగించిన తేదీ, వేళ అడుగుతున్నారటగా. నాకు తెలియదండి."

"నాకు మాత్రం తెలుసా? ఓ మంచిరోజు చెప్పేశాను."

"తెలియని తేదీ ఎలా చెబుతామండి?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "నిజం చెప్పి ఈ ఊళ్ళో ఎవరూ బల్లని నిలబెట్టుకోలేదు మాస్టారూ."

జాతకాలు వచ్చాక ఊరుకోవడం అధికారులకు భావ్యం అనిపించలేదు. ఒకే సోఫాకు అటూ ఇటూ జీవితాంతం ఉండవలసిన బల్లలకు పొంతన కుదరాలి కదా అన్నారు. మంగతాయారు గారు రెండో పక్కకు గాజు బల్ల కొన్నారు. దానికి దుకాణం వాళ్ళే జాతకం కూడా ఇచ్చారు. బాపిరాజు గారు రెండు చక్రాలూ పక్కపక్కన పెట్టి, వేళ్ళ మీద లెక్కవేసి, తల అడ్డంగా ఊపారు.

"గాజు దానికి కుజదోషమండి, పిన్నిగారూ. మీ మఖా బల్ల పక్కన వెయ్యకూడదు."

"దానికేముంది, ముందు అరటి చెట్టుకి కట్టబెట్టి, తర్వాత ఇక్కడ వేస్తాను. మనుషులకి చెయ్యట్లేదా?"

"చెయ్యొచ్చండి. కానండి, అరటి చెట్టు వయసుకి రుజువు కావాలి."

"అరటి చెట్టు వయసా?"

"పిలక నాటిన తేదీ అండి. రేప్పొద్దున మైనరు అరటి అని తేలితే మీ మీద కేసవుద్ది."

ఏప్రిల్లో, సిద్ధాంతి గారు రెండు వందల పన్నెండు బల్లలకు ఒకటే జాతకం రాసిచ్చినట్టు బయటపడింది. అన్ని బల్లలూ ఒకే ఘడియలో పుట్టాయన్న మాట. సిద్ధాంతి గారు ఇందులో తప్పేముంది, ప్రభుత్వం కూడా వీధిలోని బల్లలన్నిటినీ ఒక్క రోజునే పుట్టించింది కదా అని వాదించారు. వాదనలో బలం ఉందని గ్రహించిన అధికారులు సవరణను ఉపసంహరించుకున్నారు. మఖా బల్ల మళ్ళీ పసిదైంది.

ఈలోగా మా ఇంటి ప్రాచీన స్టూలుకు పేరు వచ్చింది. ఊళ్ళో రుజువైన ప్రాచీనాలు మొత్తం పద్నాలుగే. వాటిలో పదకొండు ప్లాస్టిక్‌వి, ఎందుకంటే బిల్లు ఇచ్చే దుకాణాల్లో దొరికేవి అవే. వారసత్వ దినోత్సవం నాడు కాలేజీ విద్యార్థులు నలభై మంది వరసగా వచ్చి తాడు ఇవతల నిలబడి స్టూలును చూసి వెళ్ళారు. వాళ్ళ లెక్చరరు గారు దాని కాళ్ళలోని నిరాడంబరత గురించి మాట్లాడారు. ఆ నలభై మందీ చెప్పుల సంచులు, నీళ్ళ సీసాలు టేకు బల్ల మీద పెట్టారు. ఆధునికమే కదా అని.

మే పద్నాలుగున వ్యాను వచ్చింది. బాపిరాజు గారు ముందే వచ్చి కూర్చున్నారు.

"మీరే సర్దండి మాస్టారూ, మా వాళ్ళు సర్దితే బాగోదు" అన్నారు.

అరలోంచి పత్రికలు తీశాను. పెన్సిలు జేబులో పెట్టుకున్నాను. కళ్ళజోడు చేతిలోకి తీసుకున్నాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. స్టూలు మీద ఏదీ పెట్టరాదు. సోఫా ఎడమ కొసన పెట్టాను. ఇద్దరు మనుషులు బల్లను ఎత్తారు. అది తేలికైన బల్ల. ఒక్కరు చాలు. ఇద్దరు ఉండాలని నిబంధన.

బల్ల వెళ్ళిన గంటకు గేటుకు ఎర్ర బోర్డు వచ్చింది. ఇప్పుడు మాది అసమతుల్య గృహం. నీళ్ళ కోసం మర్నాడే దుకాణానికి వెళ్ళి గాజు బల్ల తెచ్చాను. తొంభై రోజులయ్యాక దీన్నీ తీసుకెళతారు, ఇంకొకటి కొనాలి. ఊరంతా ఇలాగే కొంటున్నారు. గాజు బల్ల మంచిదే. దాని మీద కాఫీ గ్లాసు పెడితే ముద్ర పడుతుంది. తుడిస్తే పోతుంది.

వయోపరిపక్వ కేంద్రంలో సందర్శన వేళలు గురువారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు. మంగతాయారు గారు, నేను కలిసి వెళ్ళాం. గేటు దగ్గర పుస్తకంలో మా పేరు, బల్లకు మాకు గల సంబంధం రాయమన్నారు. ఆవిడ 'కోడలు' అని రాశారు.

లోపల పన్నెండు వందల బల్లలు వయసు వారీగా వరసల్లో ఉన్నాయి. నాలుగు నెలలవి తలుపు దగ్గర, పదకొండు నెలలవి వేదిక దగ్గర. పదకొండు నెలల వరస ఖాళీగా ఉంది, పథకం పుట్టి అంత కాలం కాలేదు. ఆ వరసలో ఒక పెళ్ళి జరుగుతోంది. మండపం ఏడాది కిందటే మాట్లాడుకున్నారట, వదులుకునేది లేదన్నారు. బల్లల మీద ఏదీ పెట్టరాదు గనుక విస్తళ్ళు బల్లల కింద వేశారు. మగపెళ్ళివారు బల్లల కిందికి దూరి వంగి భోంచేస్తున్నారు. వడ్డించేవాళ్ళు పాకుతూ వస్తున్నారు.

"ఒరేయ్, పెరుగు ఇటు చూపించరా, మెడ పట్టేసింది" అని ఒక బల్ల కిందనుంచి పెద్దమనిషి గొంతు వినిపించింది.

"బావగారూ, మీదే వరసండీ?"

"నాలుగు నెలల వరస. మీరో?"

"అయిదు. ఇక్కడ వంకాయ కూర అయిపోయింది."

మంగతాయారు గారు తన బల్లను వెతుక్కుని, తెచ్చిన మెత్తటి గుడ్డతో సింహం పంజాలు తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూ, "ఇప్పుడు తిట్టండి చూద్దాం, అత్తయ్యా" అనడం విన్నాను.

మా బల్ల దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో ఇనుప గొలుసు, పక్కన బకెట్టు నిండా టీ డికాక్షను. అతను వడ్రంగి మాణిక్యాచారి. కొత్త బల్లలను గొలుసుతో కొట్టి, డికాక్షను పూసి, ఎండలో పెట్టి పాతవిగా చేయడంలో పేరు తెచ్చుకున్నాడు. ఏడాది నిండి బయటికి వచ్చే బల్ల ఏడాది నిండినట్టు కనిపించాలని పురపాలక సంఘం అతన్ని పరిపక్వతా సలహాదారుగా వేసుకుంది. వంతు రాగానే ప్రతి బల్లకూ నలభై దెబ్బలు, రెండు పూతలు.

"దీన్ని కొట్టొద్దు" అన్నాను.

"నేనూ అదే చూస్తన్నానండి" అన్నాడు. బల్లను ఒక పక్కకు ఒరిగించి, అర అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. "ఇది వనజమ్మ గారి బల్ల కదండి. నేనే చేశానండి దీన్ని. తొంభై ఒకటిలో, మా గురువుగారి దగ్గర పని నేర్చుకుంటా. ఇదిగో, ఈ కాలు అరంగుళం పొట్టి కోసేసి మొట్టికాయ తిన్నాను. కింద ఈ ముక్క అంటించిందీ నేనే. నా మొదటి బల్లండి."

"దీని వయసు తొంభై ఎనిమిది రోజులంటున్నారు."

"ఎవరండీ అన్నది? నేను చేసిన బల్ల దానంతటదే ముసలిదైపోతే, దాన్ని నేను గొలుసెట్టి కొట్టి ముసలిది చెయ్యాలా?" గొలుసు బకెట్టులో పడేశాడు. "పదండి ఆఫీసుకి. నేను చెప్తాను."

బాపిరాజు గారే మమ్మల్ని సమతుల్యతాధికారి విశ్వేశ్వరం గారి గదిలోకి తీసుకెళ్ళారు. ఆయన దర్శనం దొరికేసరికి జూన్ మూడో తారీఖు అయింది. విశ్వేశ్వరం గారి కుర్చీకి ఒక పక్క ప్రాచీన ప్లాస్టిక్ డబ్బా, మరో పక్క గాజు బల్ల ఉన్నాయి. నేను విషయం చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"మాస్టారూ, తమవంటి విద్యాధికులు పథకము యొక్క ఆత్మను గ్రహించాలి. వయస్సు అనునది వస్తువునందు ఉండదు. దస్త్రమునందు ఉండును. అయినప్పటికీ నిర్మాత స్వయముగా సాక్ష్యమిచ్చు సందర్భము నిబంధనలలో ఊహింపబడినది. నిర్మాత ఎక్కడ?"

"నేనేనండి" అన్నాడు మాణిక్యాచారి.

"సదరు బల్ల నిర్మాణకాలమునకు తమరు జన్మించి ఉన్నట్లు రుజువు?"

మాణిక్యాచారి ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాడు. విశ్వేశ్వరం గారు రెండు వైపులా చూశారు.

"సంతృప్తికరము. ఈ నెలలో వచ్చిన సాక్షులలో జన్మించినట్లు రుజువు చూపినది తమరొక్కరే. బల్ల గుర్తులు?"

"ఒక కాలు అరంగుళం పొట్టండి. దానికింద చెక్క ముక్క. అర అడుగున ఉలితో 'మా' అని కొట్టుంటది."

"ఉందండి సార్, నేను చూశాను" అన్నారు బాపిరాజు గారు. "ఫిబ్రవరిలోనే చూశానండి. గడి లేక రాయలేదు."

విశ్వేశ్వరం గారు కాగితాల మీద గబగబా ఏదో రాశారు. ఆయన ఆనందించినట్టు కనిపించింది. నియమం ప్రకారం ఒక పని పూర్తి కావడం ఆయన కూడా చాలాకాలంగా చూసి ఉండరు.

"పరిపూర్ణము. సదరు బల్ల ముప్ఫై నాలుగు సంవత్సరముల ప్రాచీనము. ఈ క్షణమే విడుదల చేయవచ్చును. పట్టణమున ప్లాస్టిక్ కాని ప్రాచీనములలో ఇది నాలుగవది, మీకు అభినందనలు. యజమాని ఇక్కడ సంతకము చేయాలి."

నేను పెన్ను తీశాను.

"తమరు కాదు. యజమాని శ్రీమతి వనజాక్షి అని దస్త్రములో ఉన్నది. ఆమెను తీసుకురండి. మేము సాయంత్రము అయిదు వరకు ఇక్కడే ఉందుము."

బాపిరాజు గారు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పారు. విశ్వేశ్వరం గారు కుర్చీలోంచి లేచారు.

"అయ్యో. నాకు తెలియదు మాస్టారూ" అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి. "ఏమీ అనుకోకండి. అలాగైతే మరణ ధ్రువపత్రం ఒకటి జతచేస్తే చాలు, యజమాని మీరే అవుతారు. తీసుకున్నారా?"

"లేదండి."

"నాలుగు నెలలైంది కదా."

"అవునండి."

ఆయన తానే పక్క గదిలోకి వెళ్ళి ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టారు. "ఒకటే పేజీ. అయిదు నిమిషాల పని. ఇక్కడే నింపండి, ధ్రువపత్రం నేను దగ్గరుండి ఇప్పిస్తాను. దాంతోపాటే బల్ల. వ్యాను కూడా పంపుతాను."

ఆ ఫారం చదివాను. పేరు, డోరు నంబరు, వార్డు, మరణించిన తేదీ, దరఖాస్తుదారుతో సంబంధం, సంతకం. అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ ఆఫీసు నుంచి నాకు అందిన కాగితాల్లో అర్థం లేని మాట ఒక్కటీ లేనిది అదే.

"ఇంటి దగ్గర నింపి తెస్తాను" అన్నాను.

"మీ ఇష్టం. తొందరేమీ లేదు" అన్నారు విశ్వేశ్వరం గారు. బయటికి వచ్చాక మాణిక్యాచారి, "మీరొచ్చేదాకా దాని మీద గొలుసు పడనివ్వనండి, నేనక్కడే ఉంటాను కదా" అన్నాడు.

ఇవాళ ఆగస్టు ఇరవై. మొదటి గాజు బల్ల గడువు తీరి వెళ్ళింది, రెండోది వచ్చింది. గురువారం గురువారం మండపానికి వెళ్ళి వస్తున్నాను. మాణిక్యాచారి మాట నిలబెట్టుకున్నాడు, బల్ల బాగానే ఉంది. ఫారంలో వనజాక్షి పేరు రాశాను. డోరు నంబరు రాశాను, వార్డు రాశాను. నాలుగో గడి ఇంకా నింపలేదు.